టెక్ సందేహాలు: ఎస్‌ఎస్‌డీ నెమ్మదించిందని పారేయకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎస్‌ఎస్‌డీల గురించే, అంటే హార్డ్‌డిస్క్‌కు బదులు ఫైళ్లు దాచుకోవడానికి వాడే వేగమైన డ్రైవ్‌ల గురించే. చాలామంది రాసిన మాట కూడా ఒకటే: "షాపులో చూపిస్తే డ్రైవ్ పోయింది, కొత్తది వేసుకోండి అన్నారు." చిన్న జీతగాళ్లకు ఒక ఎస్‌ఎస్‌డీ అంటే వారం పది రోజుల సంపాదన. నిజంగా పోయినదాన్ని మార్చాల్సిందే. కానీ నెమ్మదించిన ప్రతి డ్రైవూ పోయినట్టు కాదు. అందుకే ఈ వారం మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది ఆదోనిలో ఫొటో స్టూడియో. ఒక్కో పెళ్లికి 200 జీబీ దాకా వీడియో వస్తుంది. ఎడిటింగ్ కోసం 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొన్నాం. కొత్తలో బాగానే ఉండేది. ఇప్పుడు పక్క డ్రైవ్ నుంచి వీడియోలు కాపీ పెడితే మొదట 450 ఎంబీ స్పీడ్ చూపించి, కాసేపటికే 70కి పడిపోతోంది. డ్రైవ్‌లో ఖాళీ 40 జీబీ ఉంది. ఇది పోయినట్టేనా సార్?

జవాబు: పోలేదు. మీ ఉత్తరంలో చివర రాసిన 40 జీబీ మాటలోనే జవాబు ఉంది.

ఎస్‌ఎస్‌డీలో సమాచారం చిన్న చిన్న సెల్స్‌లో దాచుకుంటుంది. ఒక్కో సెల్‌లో ఒకే బిట్ రాస్తే పని చాలా వేగంగా అవుతుంది, కానీ డ్రైవ్ ధర బాగా పెరుగుతుంది. అందుకని ఇప్పుడు మనం కొనేవాటిలో సెల్‌కు మూడు బిట్లు (టీఎల్‌సీ) లేదా నాలుగు బిట్లు (క్యూఎల్‌సీ) పెడతారు. బిట్లు పెరిగేకొద్దీ రాయడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. దీనికి కంపెనీలు కనిపెట్టిన ఉపాయం క్యాష్. వచ్చిన ఫైళ్లను డ్రైవ్ ముందు సెల్‌కు ఒక బిట్ చొప్పున గబగబా రాసేసుకుంటుంది. తర్వాత తీరిక దొరికినప్పుడు వాటిని మూడు, నాలుగు బిట్లుగా సర్దుకుంటుంది.

మీ ఊళ్లో పత్తి సీజన్ చూసే ఉంటారు కదా. యార్డులో జాగా ఉన్నంతసేపు బండ్లు వచ్చినవి వచ్చినట్టే దించేసి వెళ్లిపోతాయి. యార్డు నిండిందంటే, లోపలి సరుకు మిల్లులకు కదిలితేగానీ తర్వాతి బండికి చోటు దొరకదు, రోడ్డంతా బారులే. మీ డ్రైవ్‌లో జరుగుతున్నదీ అదే. చాలా డ్రైవ్‌లు ఈ క్యాష్‌ను ఖాళీగా ఉన్న జాగాలోంచే తీసుకుంటాయి. ఖాళీ తగ్గితే యార్డు కుదించుకుపోతుంది. పెళ్లి వీడియో మొదటి కొన్ని జీబీలకే అది నిండిపోయి, అక్కడి నుంచి అసలు స్పీడ్ బయటపడుతుంది.

కాబట్టి ముందు పాత పెళ్లిళ్లను మామూలు హార్డ్‌డిస్క్‌లోకి మార్చండి. దాచిపెట్టడానికి ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు, అది రోజువారీ పనికి. 1 టీబీలో కనీసం 150 నుంచి 200 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి. తర్వాత స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని టైప్ చేస్తే "డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్" వస్తుంది. అందులో మీ డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూసి, ఆప్టిమైజ్ నొక్కండి. పేరులో డీఫ్రాగ్ ఉందని భయపడొద్దు. ఎస్‌ఎస్‌డీ విషయంలో ఇక్కడ ప్రధానంగా జరిగేది ట్రిమ్. మనం ఫైలు డిలీట్ చేసినా, ఆ జాగా ఇక అక్కర్లేదని ఎస్‌ఎస్‌డీకి తనంతట తెలియదు. విండోస్ చెబితేనే తెలుస్తుంది. ఆ చెప్పడమే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఈ సదుపాయం ఉంది. అది అయ్యాక కంప్యూటర్‌ను ఏ పనీ పెట్టకుండా ఒక గంట ఆన్‌లో వదిలేయండి. సర్దుకోవడానికి డ్రైవ్‌కు ఆ తీరిక కావాలి.

స్టూడియో వాళ్లకు ఒక ముఖ్యమైన హెచ్చరిక. హార్డ్‌డిస్క్‌లో డిలీట్ అయిన ఫొటోలను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తెచ్చుకున్న అనుభవం మీకు ఉండొచ్చు. ట్రిమ్ అయిన ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ పెట్టుకోవద్దు. కస్టమర్‌కు ఆల్బమ్ చేతికి అందేదాకా రెండో చోట కాపీ లేకుండా దేన్నీ చెరపకండి.

ఇంత చేశాక కూడా పెద్ద ఫైళ్లకు స్పీడ్ ఇలాగే పడితే, అది ఆ మోడల్ స్వభావం. డీర్యామ్ (ఏ ఫైలు ఎక్కడుందో డ్రైవ్ లెక్క పెట్టుకునే చిన్న మెమరీ) లేని చవక క్యూఎల్‌సీ డ్రైవ్‌లు బిల్లింగ్ కంప్యూటర్‌కు చక్కగా సరిపోతాయి, వీడియో పనికి మాత్రం కావు. ఈసారి కొనేటప్పుడు టీఎల్‌సీ, డీర్యామ్ ఉన్నదా అని అడిగి మరీ తీసుకోండి.

ప్రశ్న: నేను కర్నూలులో ప్రైవేట్ స్కూల్ టీచర్‌ని. 2010లో కొన్న లాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. డబ్బా మీద 550 ఎంబీ అని ఉంది. టెస్ట్ చేస్తే 270 దాటడం లేదు. నకిలీ డ్రైవ్ ఇచ్చారేమోనని అనుమానం.

జవాబు: అనుమానం వద్దు మేడమ్. లోపం మీ లాప్‌టాప్ వయసుది. అప్పటి లాప్‌టాప్‌లలో ఉన్నది సాటా 2 పోర్టు, అంటే డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే పాత తరం దారి. దాని గరిష్ఠ వేగమే 300 ఎంబీ, చేతికి అందేది 270, 280. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర చూడండి. రెండు అంకెలుంటాయి. మొదటిది ప్రస్తుతం నడుస్తున్న మోడ్, రెండోది డ్రైవ్ సామర్థ్యం. మీకు 300, 600 అని కనిపిస్తే లెక్క తేలినట్టే. మీ పాఠాల పనికి ఆ తేడా ఏమీ తెలియదు. ఎస్‌ఎస్‌డీ వల్ల లాప్‌టాప్ చురుగ్గా అనిపించేది చిన్న చిన్న ఫైళ్లు వెంటనే దొరకడం వల్ల. అది మీకు ఇప్పటికే అందుతోంది.

ప్రశ్న: కడపలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పనిచేస్తాను. నాలుగు కంప్యూటర్లు, అన్నింట్లో ఒకే మోడల్ ఎస్‌ఎస్‌డీ. కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందని చూపిస్తోంది. చేస్తే డేటా పోతుందని ఒకరు, చెయ్యకపోతే డ్రైవే పోతుందని ఇంకొకరు అంటున్నారు. క్లయింట్ల ట్యాలీ డేటా అంతా వీటిలోనే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు చెప్పిన ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఈ జవాబు కాస్త పొడుగు.

ఎస్‌ఎస్‌డీ ఒక చిన్న కంప్యూటర్ లాంటిది. లోపల సొంత ప్రాసెసర్ ఉంటుంది. ఏ ఫైలు ఏ సెల్‌లో ఉందో లెక్క రాసుకోవడం, అరిగిన సెల్స్‌ను పక్కన పెట్టడం, వేడెక్కితే వేగం తగ్గించుకోవడం, ఇదంతా దాని పనే. ఆ ప్రాసెసర్‌ను నడిపే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దాన్నీ మనుషులే రాస్తారు, అందులోనూ తప్పులు దొర్లుతాయి. విండోస్ అప్‌డేట్‌తో పాటు ఇది సాధారణంగా రాదు. మనం వెళ్లి వెతుక్కోవాలి. అందుకే ఏళ్ల తరబడి పాత ఫర్మ్‌వేర్‌తోనే నడిచే డ్రైవ్‌లు ఎన్నో.

ఆ తప్పులు ఎలాంటివో చూడండి. క్రూషియల్ ఎం4 అనే డ్రైవ్ మొత్తం 5,184 గంటలు పనిచేశాక గంటకోసారి స్పందించడం మానేసేది. 216 రోజులు రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటే వచ్చే లెక్క అది. డ్రైవ్‌లో ఏ భాగమూ చెడలేదు. 2012 జనవరిలో కొత్త ఫర్మ్‌వేర్ రాగానే సమస్య తీరింది. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తన సర్వర్ల కస్టమర్లకు అత్యవసరంగా ఒక ప్రకటన ఇచ్చింది. కొన్ని మోడళ్లు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు పూర్తవగానే పనిచెయ్యవు, డ్రైవూ దక్కదు, డేటా కూడా దక్కదు అని. ఒకే రోజు బిగించిన డ్రైవ్‌లన్నీ దాదాపు ఒకేసారి ఆగిపోతాయి కాబట్టి, ఒకటి పోతే ఇంకొకటి ఉందన్న ధైర్యం కూడా అక్కడ పనికిరాదు. మీ నాలుగు కంప్యూటర్లలో ఒకే మోడల్ ఉందన్నారు కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

వేగం తగ్గడానికీ ఫర్మ్‌వేర్ కారణమైన సందర్భం ఉంది. 2013లో వచ్చిన శాంసంగ్ 840 ఈవోలో కొత్త ఫైళ్లు వేగంగానే తెరుచుకునేవి. రాసి నెలలు గడిచిన ఫైళ్లు మాత్రం హార్డ్‌డిస్క్ కంటే నెమ్మదిగా తెరుచుకునేవి. 2014 అక్టోబరులో ఒక సవరణ ఇచ్చారు. కొన్నాళ్లకు సమస్య తిరగబెట్టింది. 2015లో ఇచ్చిన రెండో ఫర్మ్‌వేర్ పాత డేటాను అప్పుడప్పుడు తనే తిరగరాసుకునేలా చేసింది. ఇంకా దగ్గరి ఉదాహరణ, 2023 మొదట్లో శాంసంగ్ 990 ప్రో డ్రైవ్‌లలో, ఆయుష్షు ఎంత మిగిలిందో చూపే ఆరోగ్య శాతం వాడకానికి మించి పడిపోతూ వచ్చింది. ఫిబ్రవరిలో వచ్చిన ఫర్మ్‌వేర్ ఆ పతనాన్ని ఆపింది, కానీ అప్పటికే తగ్గిన శాతాన్ని వెనక్కి తేలేదు. అప్‌డేట్ ముందు వేసుకున్నవారికే ఎక్కువ మేలు జరిగింది. 2024లో విండోస్ 11కు 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్770 2 టీబీ డ్రైవ్‌లున్న కంప్యూటర్లకు బ్లూ స్క్రీన్లు (కంప్యూటర్ ఆగిపోయి కనిపించే నీలం తెర) వచ్చాయి. అక్కడా మందు ఫర్మ్‌వేరే.

కాబట్టి చెయ్యండి. కానీ తొందరపడి కాదు.

మొదటి పని, ట్యాలీ డేటాను ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు. ఫర్మ్‌వేర్ మార్చినంత మాత్రాన మామూలుగా డేటా చెరగదు. చెరిగే అప్‌డేట్ అయితే దాని వివరాల్లో రాసే ఉంటుంది, అది తప్పకుండా చదవండి. అప్‌డేట్‌ను తయారీ కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. శాంసంగ్‌కు మెజీషియన్, క్రూషియల్‌కు స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, కింగ్‌స్టన్‌కు ఎస్‌ఎస్‌డీ మేనేజర్ ఉన్నాయి. లాప్‌టాప్‌తో పాటే వచ్చిన డ్రైవ్ అయితే ముందు లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో చూడండి, ఎందుకంటే వాటిలో తరచూ వేరే ఫర్మ్‌వేర్ వేసి పంపుతారు. డ్రైవ్‌ను యూఎస్‌బీ బాక్సులో పెట్టి ఈ పని చెయ్యొద్దు, కంప్యూటర్ లోపలే ఉండాలి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ఒక కాగితం మీద రాసుకుని, అప్‌డేట్ అయ్యేదాకా సస్పెండ్ చేయండి.

ఇక కరెంటు. కొన్నేళ్ల కింద నేను ఇంట్లో డెస్క్‌టాప్‌కు ఈ అప్‌డేట్ పెట్టాను, రెండు నిమిషాల పనే కదా అని యూపీఎస్ లేకుండానే. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తిరిగి ఆన్ చేస్తే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో, డ్రైవ్ పేరే లేదు. మా నాన్న ఫొటోలు ముందు రోజు రాత్రే వేరే డిస్క్‌లోకి ఎక్కించి ఉన్నాను కాబట్టి అవి మిగిలాయి. మూడు నెలల నా రాతలు మాత్రం పోయాయి. ఎండాకాలంలో మన జిల్లాల్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే. డెస్క్‌టాప్ యూపీఎస్ మీద, లాప్‌టాప్ అయితే నిండు బ్యాటరీతో, చార్జర్ పెట్టి ఉండాలి. గాలివాన సూచన ఉన్న సాయంత్రం అసలు మొదలుపెట్టొద్దు.

నాలుగింటికీ ఒకే రోజు వద్దు. తక్కువ పని ఉండే కంప్యూటర్‌కు ముందు చేసి, పూర్తిగా ఆపి ఆన్ చేసి, వారం రోజులు గమనించండి. బాగుంటే మిగతావాటికి. అయితే అప్‌డేట్ వివరాల్లో డేటా పోవడం గురించో, డ్రైవ్ ఆగిపోవడం గురించో రాసి ఉంటే వారం ఆగొద్దు, బ్యాకప్ అయిన వెంటనే కానివ్వండి. రిటర్నుల గడువు దగ్గరపడిన రోజుల్లో తప్ప ఎప్పుడైనా సరే. ఇప్పటికే ఫైళ్లు తెరుచుకోక ఎర్రర్లు చూపిస్తున్న డ్రైవ్ ఏదైనా ఉంటే దానికి మాత్రం ఫర్మ్‌వేర్ జోలికి పోకుండా ముందు డేటా బయటికి తీయండి.

ప్రశ్న: అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. లాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉంది. మధ్యాహ్నం పూట గేమ్ లోడ్ కావడానికి చాలా టైమ్ పడుతోంది, రాత్రి బాగుంటోంది.

జవాబు: వేడి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఉష్ణోగ్రత రాసుకో. సాటా కన్నా వేగంగా పనిచేసే ఈ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు చాలావరకు 70, 80 డిగ్రీల మధ్యకు వచ్చాక తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. బయటే 40 దాటే ఊళ్లో, పరుపు మీద పెట్టిన లాప్‌టాప్ ఆ అంకెకు సులువుగా చేరుతుంది. గట్టి బల్ల మీద, కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టు. ఫ్యాన్ దగ్గర దుమ్ము తీయించు. డ్రైవ్ మీద థర్మల్ ప్యాడ్ వేయించుకోవచ్చు, మందం సరిపోతుందో లేదో చూసుకుని. చార్జర్ లేకుండా ఆడుతున్నావేమో అదీ గమనించు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు లాప్‌టాప్ మొత్తమే నెమ్మదిస్తుంది.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మనవళ్ల ఫొటోలన్నీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టాను. రెండేళ్లుగా తీయలేదు. భద్రమేనా బాబూ?

జవాబు: ఎక్కువగా వాడని డ్రైవ్ అయితే ఫొటోలు ఉండే అవకాశమే ఎక్కువ. కానీ ఈ రోజే తీసి చూడండి పెద్దమ్మా. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశంగా నిలిచి ఉంటుంది, కరెంటు తగలకుండా ఏళ్లు గడిస్తే అది కొద్దికొద్దిగా కారిపోతుంది. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం, రాతల పరిమితి (డ్రైవ్ మీద మొత్తం ఎంత డేటా రాయొచ్చన్న లెక్క) మొత్తం వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా ఒక సంవత్సరం డేటా నిలపాలి. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. అయితే వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, ప్రొద్దుటూరు మే నెలలో ఇనుప బీరువాలో 30 డిగ్రీలు ఎక్కడివి? ఇంట్లో పిల్లలెవరైనా వచ్చినప్పుడు అన్ని ఫొటోలనూ ఒక మామూలు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించి, దాన్ని మీ అబ్బాయి ఇంట్లోనో అమ్మాయి ఇంట్లోనో పెట్టించండి. మీ దగ్గరున్న ఎస్‌ఎస్‌డీని ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి కంప్యూటర్‌కు తగిలించి, ఫొటోలు తెరిచి చూసుకుంటూ ఒక పూట అలాగే ఉంచండి.