గాఢమా? బలమా?

సందేహం: "గాఢ ఎసిటిక్ ఆమ్లం కూడా బలహీన ఆమ్లమే" అని మా అబ్బాయి నోట్సులో ఉంది. గాఢమైనది బలహీనం ఎలా అవుతుంది? రాసుకోవడంలో పొరపాటా?
– ఒక పాఠకురాలు

సమాధానం: పొరపాటు కాదమ్మా, ఆ వాక్యం నిజం. చిక్కంతా 'స్ట్రాంగ్' అనే మాటతో వచ్చింది. డికాషన్ దండిగా పోస్తే మన పెద్దలు చిక్కటి కాఫీ అనేవారు. ఇప్పుడది స్ట్రాంగ్ కాఫీ. చిక్కదనానికీ బలానికీ ఒకటే మాట వాడుతుంటే పిల్లలకు తేడా ఎక్కడ తెలుస్తుంది?

గాఢ శబ్దాన్నే చూడండి. సంస్కృతంలో 'గాహ్' ధాతువుకు మునగడం, లోపలికి చొరబడడం అని అర్థం. గాఢం దాని నుంచి పుట్టిందే. నీటిలో మునిగితే అవగాహం, విషయంలో మునిగితే అవగాహన. లోతుగా మునిగిన నిద్ర గాఢనిద్ర. సందు లేకుండా బిగిసిన కౌగిలి గాఢాలింగనం. ఈ సందులేనితనమే రసాయనశాస్త్రానికి పనికొచ్చింది. నీళ్లలో ఆమ్లం ఎంత ఒత్తుగా ఉందో చెప్పేది గాఢత. ఆ ఆమ్లం తన హైడ్రోజన్ అయాన్‌ను (ధనావేశం ఉన్న హైడ్రోజన్ కణాన్ని) ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పేది బలం. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం దాన్ని ఒక పట్టాన వదలదు. లీటరుకు ఒక మోల్, అంటే సుమారు 60 గ్రాములు, కలిపిన ద్రావణంలో వెయ్యి అణువులకు నాలుగే విడిపోతాయి. బలహీనం కదా అని గాఢమైనదాన్ని ముట్టుకోనివ్వకండి, చర్మం కాలుతుంది.

కొన్ని చీమల విషంలో ఉండే ఫార్మిక్ ఆమ్లం ఎసిటిక్ కంటే పది రెట్లు బలమైనది. ఎసిటిక్‌లో ఉండే మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల జట్టు) ఎలక్ట్రాన్లను తోసి, హైడ్రోజన్ అయాన్ విడిపోవడాన్ని కష్టం చేస్తుంది; ఫార్మిక్‌లో అది లేదు మరి.

పెరట్లో తడినేల మీద పాకే పులిచింతను చూశారా? మూడేసి ఆకులు, చిన్న పసుపు పూలు. చిన్నప్పుడు నమలనివాళ్లు తక్కువ. దాని శాస్త్రనామంలోని 'ఆక్సాలిస్' పులుపును చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చింది, ఆక్సాలిక్ ఆమ్లానికి పేరు ఇచ్చిందీ ఆ మొక్కే. మనవాళ్లూ పులుపు చూసే పేరు పెట్టారు! ఆ ఆమ్లం ఎసిటిక్ కంటే సుమారు మూడు వేల రెట్లు బలమైనది. ఆకులో ఉండేది కొద్దిగా, అదీ చాలావరకు లవణరూపంలో, కాబట్టి నాలుక జివ్వుమని ఊరుకుంటుంది.

గాఢానికి ఎదురుగా 'సజల' అని రాయడం నాకు నచ్చదు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ వందకు 60 పాళ్ల పైగా నీరే కదా! 'పలుచని' అంటే హాయిగా ఉంటుంది. అయినా పరీక్షలో మాత్రం అబ్బాయిని పుస్తకంలోని మాటే రాయనివ్వండి.