పక్కవాడి కూడు మీద చెయ్యి వేయొద్దు

అల్లుడూ,

నీ బంగారు అంగళ్ళ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రొద్దుటూరు దాటి కర్నూలు, అనంతపురం దాకా పోయిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. దానికి తగిలించుకునే తరుగు, మజూరి లెక్కల చిన్న ప్రోగ్రామ్, అదే యాడ్-ఆన్, రాసి అమ్ముకుంటున్న పిల్లోడు ఉన్నాడే, అదే పనిని ఇకమీదట మీరే ఫ్రీగా ఇస్తారంట. ఆ పని మాత్రం చేయొద్దు.

టాలీని చూడు. అంగళ్ళ లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే బెంగళూరు కంపెనీ. ఎరువుల అంగడికి ఒక తీరు బిల్లు, మందుల షాపుకు ఇంకో తీరు. అన్నీ తానే చేయాలనుకోలేదు. టీడీఎల్ అని తన ప్రోగ్రామింగ్ భాషనే బయటివాళ్ళ చేతిలో పెట్టింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మా కడపలో షావుకార్లు పరిగెత్తింది ఊళ్ళో ఉండి టాలీ అమ్మి, మార్పులు చేసిచ్చే పార్ట్‌నర్ దగ్గరికే.

ట్విట్టర్‌ది ఇంకో దారి. పిట్ట బొమ్మను మొదట వాడింది కూడా ట్విట్టర్ చూసుకోడానికి బయటివాళ్ళు చేసిన ట్విటరిఫిక్ అనే యాప్. అట్లాంటి యాప్‌లకు 2012లో లక్ష మంది యూజర్ల దగ్గర గీత గీశారు. 2023 జనవరిలో చెప్పాపెట్టకుండా తలుపే మూసేశారు. ఇక వాళ్ళను నమ్మి కొత్తది కట్టేదెవరు?

అసలు గొడవ అప్‌డేట్లతో వస్తుంది. అక్షయ తృతీయ ముందురోజు మీవాళ్ళు బరువు గడి పేరు మార్చారనుకో. యాడ్-ఆన్‌కు ఆ గడి దొరకదు, బిల్లులో తరుగు సున్నా పడుతుంది. కొనేవాళ్ళకు పండగే, షావుకారు మాత్రం ఆ పిల్లోడి కాలర్ పట్టుకుంటాడు. అందుకే పాత పేరు, కొత్త పేరు రెండూ ఆరు నెలలైనా పనిచేయనీ. ఆపేసే తేదీ ముందే చెప్పు. టెస్ట్ కాపీ మొదట యాడ్-ఆన్‌లు రాసేవాళ్ళకే పంపు. ఏ గడి ఏంటో రాసిన డాక్యుమెంటు లేకుండా ఏపీఐ, అంటే బయటి ప్రోగ్రామ్‌లు మీ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి, ఇచ్చామని చెప్పుకోవద్దు.

యాడ్-ఆన్‌లు అమ్మేవాళ్ళ దగ్గర కమీషన్ సంగతి నీ ఇష్టం. ఆన్‌లైన్ అంగళ్ళ సాఫ్ట్‌వేర్ కంపెనీ షాపిఫై అంతకుముందు 20 శాతం తీసుకునేది, 2021లో మొదటి పది లక్షల డాలర్ల దాకా వదిలేసింది. నువ్వైతే ఇప్పట్లో అడగకపోవడమే మేలు.

మెత్తగా ఉండమని మాత్రం అనను. కస్టమర్ల ఫోన్ నంబర్లు బయటికి లాగే యాడ్-ఆన్ కనిపిస్తే ఆరోజే తీసిపారేయ్. జీఎస్టీ లెక్క కట్టే పని బయటివాళ్ళెవరికీ ఇవ్వకు, తప్పు పడితే నోటీసు వచ్చేది అంగడివాళ్ళకు, తిట్లు పడేది నీకు.

తరుగు లెక్క మీలో ఉండి తీరాలంటే ఆ పిల్లోడి దగ్గరే కొను. ఆదివారం పిలిచి మాట్లాడు. రేటు నువ్వు ముందు చెప్పొద్దు, అతన్నే అడుగు.

మీ మామ