రైలు పెట్టెలో హోటల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కాచిగూడ స్టేషన్ దగ్గర రైలు పెట్టెలో నడిచే రెస్టారెంటు చూశాం. హైవే పక్కన మా స్థలంలో అలాంటిదే పెట్టాలని ఉంది. పాత బోగీ కొనేముందు ఏం చూడాలి? దాన్ని దేనిమీద నిలబెట్టాలి?
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: ముందు మాట దగ్గరే జాగ్రత్త పడండి. మనం బోగీ అనేదాన్ని రైల్వేవాళ్లు కోచ్ అంటారు. వాళ్ల లెక్కలో బోగీ అంటే చక్రాలు, స్ప్రింగులు ఉండే కింది చట్రం. తుక్కు వేలం కాగితంలో రెండూ కలిపి ఉన్నాయో లేదో చూడకపోతే చక్రాల్లేని డబ్బా ఇంటికొస్తుంది.

దొరికేవి ఎక్కువగా పాత ఐసీఎఫ్ (చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం కోచ్‌లే. ఆ ఫ్యాక్టరీ 2018లో ఈ రకం తయారీ ఆపేసింది. పొడవు 21.3 మీటర్లు, వెడల్పు 3.25 మీటర్లు. ఒకపక్క నలుగురి టేబుళ్లు, మరోపక్క ఇద్దరివి వేసి, కౌంటరుకు చోటు వదిలితే 40 మంది హాయిగా కూర్చుంటారు. అంతకు మించితే ప్లేట్లు పట్టుకున్న మనిషి నడవలేడు.

రంగు చూసి మోసపోవద్దు. తుప్పు తినేది మరుగుదొడ్ల కింద, తలుపుల గడప కింద, కిటికీల నుంచి జారిన నీళ్లు చేరే అంచుల్లో. చిన్న సుత్తి తీసుకుని పక్కగోడ అడుగున పొడవునా సాగే సోల్‌బార్‌ను కొట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే మంచిది. మొద్దు శబ్దం వచ్చి పెచ్చు రాలితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. మరుగుదొడ్డి పక్కన నేల ప్లైవుడ్ లేపించి అడుగు రేకు చూడనిదే బేరం ముగించకండి. వెల్డింగుకు ముందు సీట్ల రెక్సిన్, ఫోమ్, ప్లైవుడ్ అంతా బయటికి తీయాలి. ఒక్క నిప్పురవ్వ చాలు.

చక్రాలతోనే కొని, కాంక్రీటు మీద పట్టాల ముక్కలు పరిచి నిలబెట్టడమే మా సలహా. బరువంతా రెండు బోగీల మీదే దిగుతుంది. వాటి మధ్య దూరం సుమారు 14.8 మీటర్లు. బోగీలు తీసేసి దిమ్మెలు కట్టేవాళ్లు మధ్యలో ఒక దిమ్మె వేస్తే సరిపోతుందనుకుంటారు. అది తప్పు. బోగీలు మోసిన చోటే దిమ్మెలు రావాలి. క్రేను తాళ్లు కూడా అక్కడే వేయాలి. నడుముకు వేస్తే పక్కగోడ నలుగుతుంది.

చక్రాలకు ఆపులు వెల్డింగ్ చేసినా, స్ప్రింగుల వల్ల పెట్టె ఊగుతూనే ఉంటుంది. సర్వరు నడిచినప్పుడల్లా టేబుల్ మీది గ్లాసులో నీళ్లు వణుకుతాయి. స్ప్రింగులు ఆడకుండా బోగీ చట్రానికీ పైభాగానికీ మధ్య ఉక్కు ప్యాకింగులు బిగిస్తే ఊగడం ఆగుతుంది.

వంటగది పెట్టెలో వద్దు, పక్కన షెడ్డు వేయండి. నేల బకెట్లతో కడిగితే నీళ్లు నేలమీద పరిచిన వినైల్ షీటు కిందికి దిగి, మరమ్మతు చేసిన రేకే మళ్లీ తుప్పు పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. రెండు చివర్ల తలుపులూ, అత్యవసర కిటికీలూ ఎప్పుడూ తెరుచుకునేలా ఉంచండి.

ప్రశ్న: రెండు టన్నుల ఏసీలు రెండు పెట్టాం. మధ్యాహ్నం కోచ్ అసలు చల్లబడటం లేదు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏసీ కోచ్‌లకు రైల్వే 7 టన్నుల యూనిట్లు రెండు పెడుతుంది. మీది మొత్తం 4 టన్నులు. పైగా మామూలు కోచ్ అయితే గోడల్లో, కప్పులో వేడిని ఆపడానికి కూరిన పాత గ్లాస్‌వూల్ (గాజు దూది) కుంగి, రేకుకూ మనుషులకూ మధ్య అడ్డే లేకుండా పోయి ఉంటుంది. ఏసీలు పెంచేముందు అది మార్పించి, కప్పు మీద రెండడుగుల ఖాళీ వదిలి పందిరి వేయించండి. రాకపోకలకు ఒకే తలుపు వాడండి.

ప్రశ్న: స్టేషన్ ఆవరణలోనే పెట్టాలంటే?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 2020లో అసన్‌సోల్‌లో మొదలైనప్పటి నుంచి రైల్వేయే పాత కోచ్‌లతో ఈ ఏర్పాటు చేస్తోంది. మీ డివిజన్ కమర్షియల్ విభాగంలో అడగండి. వేలం ప్రకటనలు రైల్వే ఆన్‌లైన్ వేలం, టెండర్ల వెబ్‌సైట్ ఐఆర్‌ఈపీఎస్‌లో వస్తాయి. నీళ్లు, కరెంటు కనెక్షన్ల ఖర్చు ఎవరిదో సంతకానికి ముందే రాతలో తేల్చుకోండి.