సముద్ర సరీసృపాల బొమ్మలకు నీళ్ల సీన్: రెజిన్ పోసే ముందు ఆలోచించాల్సినవి

మీ బాబు దగ్గర మోససారస్, ప్లీసియోసార్, ఇక్తియోసార్ బొమ్మలున్నాయి, వాటికి షెల్ఫ్‌లో పెట్టుకునేలా నీళ్లతో ఒక సీన్ కట్టాలి, రెజిన్ (పోశాక గాజులా పారదర్శకంగా గట్టిపడే ద్రవం) పోస్తే సరిపోతుందా, బొమ్మలు పాడవుతాయా అని అడిగారు. నేను ఇలాంటివి ఇప్పటికి ఏడు కట్టాను. వాటిలో రెండు పాడైపోయాయి, రెండూ రెజిన్ వల్లే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

రెజిన్ కొనే ముందు ఒక విషయం తేల్చుకోండి: చూసేవాళ్ల కన్ను ఎక్కడుంది? నీళ్ల పైనుంచి చూస్తున్నారా, నీళ్ల లోపల ఉండి చూస్తున్నారా, లేక సముద్రాన్ని కేకులా నిలువునా కోసి పక్కనుంచి చూస్తున్నారా? చాలామంది మొదట్లో ఈ మూడోదే ఊహించుకుంటారు, నేనూ అంతే. నిజానికి రెజిన్ లోతుగా పోయాల్సింది ఆ ఒక్క రకానికే. మిగతా రెండింటికీ ఖర్చు తక్కువ, బొమ్మకి ప్రమాదం లేదు, పిల్లాడు కావాలనుకున్నప్పుడు బొమ్మ తీసి ఆడుకోవచ్చు కూడా.

పైనుంచి చూసే సీన్ అన్నిటికంటే తేలిక. థర్మాకోల్ పలక మీద రంగుతో లోతు చూపించాలి. ఒడ్డు దగ్గర ఇసుక రంగు, తర్వాత లేత ఆకుపచ్చ, ఆపైన ముదురు నీలం, మధ్యలో దాదాపు నలుపు. ఈ రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి, గీత కనిపించకూడదు. దాని మీద టిష్యూ పేపర్ పరిచి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు బ్రష్‌తో రాస్తూ వేలితో చిన్న చిన్న ముడతలు తేవాలి. ఆరాక ఆ ముడతలే అలలవుతాయి. కాగితం తెల్లగా ఆరుతుంది కాబట్టి మళ్లీ రంగు వేసి, ఆపైన మెరిసే వార్నిష్ రెండు మూడు పూతలు వేయండి. ఈ పనంతా ఎనిమిదేళ్ల పిల్లాడు మీ పక్కన కూర్చుని చేయగలడు. మోససారస్ వీపు, తల బయటికి కనిపించేలా బొమ్మ ఆకారంలో పలకలో గుంట కోసుకుంటే చాలు, బొమ్మ అందులో కూర్చుంటుంది. అంచు చుట్టూ పారదర్శకమైన ఆక్రిలిక్ జెల్‌ని టూత్‌పిక్‌తో లాగితే నీళ్లు చీల్చుకుని లేచినట్టు ఉంటుంది. జెల్ తడిగా ఉన్నప్పుడు పాలలా ఉంటుంది, పాడైందని తుడిచేయకండి, ఆరితే స్పష్టంగా మారుతుంది. మందంగా మాత్రం వేయకండి, లోపల తెలుపు అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మోససారస్ అసలు పొడవు 12 మీటర్లు అనుకోండి, మీ బొమ్మ 20 సెంటీమీటర్లు. అంటే 60 రెట్లు చిన్నది. మీటరు ఎత్తు అల మీ సీన్‌లో 1.7 సెంటీమీటర్లకు మించకూడదు. ఆవగింజంత నురుగు బుడగ, అంటే 2 మిల్లీమీటర్లది, అసలు సముద్రంలో 12 సెంటీమీటర్ల బుడగ అవుతుంది! నా మొదటి సీన్‌లో దూది ముద్దలు పెట్టి నురుగు అనుకున్నాను. ఫోటో తీసి చూస్తే జంతువు బాత్‌టబ్‌లో ఉన్నట్టుంది. ఇప్పుడు దూదిని పోగులుగా విడదీసి, జెల్‌లో అద్ది, అల శిఖరం మీద మాత్రం సన్నటి గీతలా పెడతాను. అసలు నీళ్లు పోసి పెట్టే ఆలోచన ఉంటే మానేయండి. నీటి చుక్కని చిన్నది చేయలేం, పైగా వారానికే పాచి పడుతుంది.

నీళ్ల లోపలి సీన్ అంటే నాకు అన్నిటికంటే ఇష్టం. ఇందులో నీళ్లే ఉండవు, వెలుగు ఉంటుంది. నీళ్లలో ముందు పోయేది ఎరుపు రంగు, లోతుకి పోయేకొద్దీ అంతా నీలంగా కనిపిస్తుంది. కాబట్టి ఒక పెట్టె తీసుకుని, వెనక గోడకి పైన లేత నీలం నుంచి కింద ముదురు నీలానికి దిగేలా రంగు వేయండి. అడుగున ఇసుక, రాళ్లు ఉంచండి, వాటి మీద కూడా నీలం చాలా పలచగా పూయండి. బొమ్మని సన్నటి ఆక్రిలిక్ కడ్డీ మీద నిలబెట్టండి. చేపల గాలం దారంతో వేలాడదీస్తే తలుపు వేసినప్పుడల్లా ఊగుతుంది. పెట్టె పైన మూతగా పారదర్శకమైన ఆక్రిలిక్ షీట్ పెట్టి, దాని పైముఖం మీద అదే జెల్‌ని అలలుగా రాసి ఆరనివ్వండి. దాని పైన ఒకే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు, ఒక జానెడు ఎత్తులో. అప్పుడు అడుగు ఇసుక మీద, జంతువు వీపు మీద వెలుగు వలలా పరుచుకుంటుంది, లోతు తక్కువ నీళ్లలో ఎండ ఎలా ఆడుతుందో అచ్చం అలాగే. ఎల్‌ఈడీ స్ట్రిప్ పెడితే ఈ వల రాదు. చాలా చోట్లనుంచి వెలుగు వచ్చి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. నేను ఇది తెలియక స్ట్రిప్ అంటించి రెండు రోజులు తల పట్టుకున్నాను.

ఇక రెజిన్. నేను మొదటిసారి ఐదు సెంటీమీటర్ల లోతు ఒకేసారి పోశాను. ఎపాక్సీ రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిస్తే వేడి పుడుతుంది, ఎంత మందంగా పోస్తే అంత వేడి. అరగంటలో డబ్బా ముట్టుకోలేనంత కాలింది, మధ్యలో పగులు వచ్చింది, రంగు పసుపెక్కింది. ఇంకా బాధ కలిగించింది ప్లీసియోసార్. దాని మెడ బొమ్మలో కొంగ మెడలా పైకి లేచి ఉంటే, వేడి నీళ్లలో ముంచి మెత్తబరచి, తిన్నగా ముందుకి చాచి, చల్లనీళ్లలో బిగించాను. ఈ బొమ్మల ప్లాస్టిక్ అయిన పీవీసీకి పాత ఆకారం గుర్తుంటుంది. రెజిన్ వేడికి ఆ మెడ నా కళ్ల ముందే మెల్లగా మళ్లీ పైకి వంగి, పైపొరని చీల్చుకుని బయటికి వచ్చింది. దాన్ని ఇక కదిలించే వీల్లేకపోయింది.

రెండోసారి మోససారస్. బొమ్మ లోపల బోలు అని గమనించలేదు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి, పొట్ట కింద అతుకు దగ్గరనుంచి ఒక్కో బుడగ బయటికి వచ్చి, రెజిన్ గట్టిపడే వరకు ఆగలేదు. పొట్ట నుంచి పైదాకా బుడగల తీగ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత నుంచి ఇలా చేస్తున్నాను. బొమ్మని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిస్తాను. అతుకులన్నీ ఇన్‌స్టంట్ గ్లూతో మూసి, బొమ్మంతా మెరుపు లేని వార్నిష్ వేస్తాను. చెక్క, ప్లాస్టర్, థర్మాకోల్ ఏదైనా అడుగున ఉంటే దానికీ పూత తప్పనిసరి, లేకపోతే వాటిలోంచీ బుడగలు వస్తాయి. పాలిస్టర్ రెజిన్ అయితే థర్మాకోల్‌ని కరిగించేస్తుంది, కాబట్టి డబ్బా మీద ఏ రెజినో చదవండి. కొలత వంటింటి చెంచాలతో కాదు, తూకం మిషన్‌తో, డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే. పాళ్లు తప్పితే ఎన్ని రోజులైనా జిగట పోదు. పొరకి 3 నుంచి 6 మిల్లీమీటర్లు మించకుండా పోసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక తర్వాతి పొర. లోతుగా పోయడానికే తయారుచేసిన రెజిన్లు ఉంటాయి, అవి నెమ్మదిగా గట్టిపడతాయి, ఓపిక ఉంటే అవే మేలు. అడుగు పొరలకి నీలం ఒక చుక్క ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ, చివరి పొర రంగు లేకుండా. బుడగలు తీయడానికి మంట చూపించమని చాలామంది చెబుతారు. పక్కన పీవీసీ బొమ్మ ఉన్నప్పుడు ఆ పని చేయొద్దు.

రెజిన్ పని మాత్రం మీరే చేయండి, బాబుని ఆ గదిలోకి రానివ్వొద్దు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగిలితే అలర్జీ మొదలవ్వొచ్చు, ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లు వస్తాయి. రాపిడి చేస్తే తడి ఎమరీ పేపర్‌తో, మాస్కు పెట్టుకుని చేయండి. పూర్తయిన సీన్‌ని ఎండ పడే చోట పెట్టకండి, పసుపెక్కుతుంది.

జంతువుల గురించి కూడా రెండు మాటలు. మీ మూడు బొమ్మల్నీ ఒకే సీన్‌లో పెట్టకండి. ఇక్తియోసార్లు సుమారు 9 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించాయి, మోససారస్ వచ్చింది ఆ తర్వాత. ప్లీసియోసార్ల వంశం మాత్రం రెండు కాలాల్లోనూ ఉంది కాబట్టి అది ఎవరి పక్కనైనా సరిపోతుంది. అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న పాతకాలపు సముద్రజీవి) గుల్లలూ అంతే, మట్టితో నాలుగు చేసి అడుగున పడేయండి, బాబుకి నచ్చుతుంది. ఇక్తియోసార్ తోక చేపలా నిలువుగా ఉంటుంది, పక్కలకి ఊపుతూ ఈదుతుంది. డాల్ఫిన్‌లా పైకీ కిందకీ వంచితే తప్పు, దాని వెనక మీరు చెక్కే సుడులు కూడా కుడి ఎడమలకే పోవాలి. ప్లీసియోసార్ మెడని నీళ్లపైన కొంగలా నిలబెట్టకండి, అంత బరువుని అలా ఎత్తిపెట్టే నిర్మాణం దానికి లేదు. నీటి ఉపరితలానికి సమాంతరంగా చాచితే చాలా అందంగా ఉంటుంది. ఇవన్నీ గాలి పీల్చే జంతువులు కాబట్టి ముక్కు పైకి తెచ్చి ఊపిరి తీసుకుంటున్న క్షణాన్ని చూపిస్తే, పైనుంచి చూసే సీన్‌కి కారణం దానంతట అదే దొరుకుతుంది.

చివరగా, నీళ్ల పైకి వచ్చిన భాగానికి మాత్రమే మెరిసే వార్నిష్ వేయండి. తల మీద, వీపు మీద నీళ్లు కారుతున్నట్టు కిందికి సన్నటి చారలు లాగండి, నీటి గీత దగ్గరికి రాగానే ఆపేయండి. మునిగిన భాగం మాత్రం మెరుపు లేకుండా అలాగే ఉండనివ్వండి.