పెళ్లయ్యాక అమెరికాలో ట్యాక్స్ ఫైలింగ్: ‘సింగిల్’ అని టిక్ పెట్టి మేం పడ్డ తిప్పలు

మీరు అడిగింది ఇది: హెచ్1బీ మీద డాలస్‌లో ఉన్నారు. 2025 నవంబర్‌లో గుంటూరులో పెళ్లయింది. మీ ఆవిడ ఇంకా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద వేసవిలో వస్తారు. ఆమె ఇక్కడ లేరు, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కూడా లేదు కాబట్టి 2025కి సింగిల్‌గానే ఫైల్ చేసేయమని రూమ్మేట్లు అంటున్నారు. చేయొచ్చా?

చేయకూడదండి. ఇదే సలహా విని మా ఆయన 2022కి సింగిల్ అని ఫైల్ చేశారు. అది సరిచేసుకోవడానికి మాకు ఏడాది పైనే పట్టింది. నేను సీపీఏని, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ని కాను. అప్పట్లో ఇండియాలో ఉండిపోయిన ఆ భార్యని నేనే, తర్వాత ఆ ఫారాలన్నీ కూర్చుని నింపిందీ నేనే.

ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ట్యాక్స్ శాఖ, చూసేది ఒక్కటే, డిసెంబర్ 31 నాటికి మీకు పెళ్లయిందా లేదా అని. ఫిబ్రవరిలో అయినా డిసెంబర్ 30న అయినా ఆ ఏడాది మొత్తానికి మీరు పెళ్లైనవాళ్లే. పెళ్లి ఏ దేశంలో జరిగింది, భార్య ఎక్కడుంది, ఆమెకు నంబరుందా అన్నవేవీ ఇక్కడ లెక్కలోకి రావు. మాది 2022 డిసెంబర్ రెండో వారంలో, విజయవాడలో. ధనుర్మాసం వచ్చేస్తే మళ్లీ సంక్రాంతి దాటేదాకా ముహూర్తాలుండవని పెద్దవాళ్లు హడావుడిగా కానిచ్చేశారు. మా ఆయన పెళ్లైన పది రోజులకే వెనక్కి వెళ్లిపోయారు. తెలిసినవాళ్లు చెప్పిన ఒక ట్యాక్స్ కన్సల్టెన్సీ వాళ్లు, "మీ మిసెస్ ఇంకా రాలేదు కదా సార్, సింగిల్ పెట్టేద్దాం, వచ్చాక చూసుకుందాం" అన్నారట. ఫిబ్రవరిలో ఫైల్ అయిపోయింది, రీఫండూ వచ్చేసింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రీఫండ్ వచ్చిందంటే రిటర్న్ కరెక్టని కాదని మాకు తర్వాత తెలిసింది.

పెళ్లైనవాళ్లకు ఉన్నవి రెండే దారులు: ఇద్దరూ కలిసి ఒకే రిటర్న్ వేయడం, దీన్ని జాయింట్ అంటారు. లేదా ఎవరిది వాళ్లు వేసుకోవడం, అంటే మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అని మూడోదొకటి కనిపిస్తుంది. అదేదో కుటుంబ పెద్ద అనుకుని టిక్ పెట్టేవాళ్లున్నారు. భార్య నాన్‌రెసిడెంట్ (అంటే అమెరికాలో గడిపిన రోజుల లెక్క ప్రకారం ఇంకా ఇక్కడి ట్యాక్స్ రెసిడెంట్ కానివారు) అయితే ఆ స్టేటస్‌కి దారి తెరుచుకునే మాట నిజమే, కానీ ఆమెను చూపించి అది తీసుకోవడం కుదరదు. మీ మీద ఆధారపడ్డ పిల్లలో, అర్హత ఉన్న మరొకరో ఉండాలి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఇందులోకి రారు. ఎంత డబ్బు పంపినా, వాళ్లు ఇండియా పౌరులై ఇండియాలోనే ఉంటే అమెరికా లెక్కలో డిపెండెంట్లు కారు. కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మా 2022 లెక్కే చెబుతాను. ఆయన జీతం 94,000 డాలర్లు. సింగిల్‌కి ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 12,950. అది తీసేస్తే మిగిలిన 81,050 మీద ట్యాక్స్ దాదాపు 13,450. ఆ స్థాయి జీతానికి సెపరేట్‌కీ సింగిల్‌కీ శ్లాబులూ డిడక్షనూ ఒకటే కాబట్టి, తప్పు స్టేటస్ పెట్టినందుకు ఒక్క డాలర్ కూడా మిగల్లేదు. తప్పు చేశాం, లాభమూ లేదు. జాయింట్‌కైతే డిడక్షన్ 25,900, శ్లాబులు రెట్టింపు. కాకపోతే జాయింట్ అంటే ఆ ఏడాది నేను గచ్చిబౌలిలో సంపాదించిన జీతం కూడా కలపాలి. 5,60,000 రూపాయలు, ఐఆర్ఎస్ ఇచ్చే సగటు రేటు ప్రకారం సుమారు 7,100 డాలర్లు. అది కలిపినా ట్యాక్స్ 8,600 చిల్లర. తేడా దాదాపు 4,800 డాలర్లు. ధనుర్మాసం భయంతో ముందుకు జరిపిన ముహూర్తం అంత పని చేసింది!

2025కి సెపరేట్ డిడక్షన్ 15,750, జాయింట్‌ది 31,500. కాబట్టి మీకూ తేడా బాగానే ఉంటుంది.

అయితే భార్య నాన్‌రెసిడెంట్ అయినప్పుడు జాయింట్ దానంతటదే రాదు, మీరిద్దరూ ఎంచుకోవాలి. రిటర్న్‌తో పాటు ఒక స్టేట్‌మెంట్ జతచేయాలి: ఏడాది చివరి రోజున మాలో ఒకరు రెసిడెంట్, ఒకరు కాదు, ఇద్దరినీ ఏడాది మొత్తానికి రెసిడెంట్లుగా పరిగణించమని కోరుతున్నాం అని. పేర్లు, అడ్రసులు, నంబర్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సగం పేజీ కాగితమే. కానీ దాంతో మీ ఆవిడకు ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా అమెరికాకు చెప్పాల్సిందే. పెళ్లికి ముందు నెలల జీతం, ఎఫ్‌డీ వడ్డీ, ఇల్లు ఉంటే అద్దె, అన్నీ. ఇండియాలో ట్యాక్స్ కట్టి ఉంటే దానికి ఇక్కడ క్రెడిట్ అడగొచ్చు, ఫారం 1116 అని ఉంటుంది. ఈ ఎంపిక ఒకసారి చేస్తే తర్వాతి ఏళ్లకూ కొనసాగుతుంది. మధ్యలో రద్దు చేసుకుంటే మాత్రం మీ ఇద్దరికీ మళ్లీ ఎప్పటికీ ఆ అవకాశం ఉండదు.

నాకు ఎక్కువ సమయం పట్టింది జీతం లెక్కకే. అమెరికా ట్యాక్స్ ఏడాది జనవరి నుంచి డిసెంబర్. మన ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చి. ఏ ఒక్క ఫారం 16 చూసినా నా 2022 దొరకదు. జనవరి నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరంలోవి, మిగతా తొమ్మిది నెలలు ఇంకో దాంట్లోవి. పన్నెండు పేస్లిప్‌లూ విడివిడిగా తీసి ఎక్సెల్‌లో కూడుకున్నాను. అప్పటికి ఆ ఉద్యోగం మానేశాను, పోర్టల్ లాగిన్ పనిచేయడం లేదు. హెచ్ఆర్‌లో ఉన్న ఫ్రెండ్‌ని బతిమాలితే మెయిల్ చేసింది. మీ ఆవిడ రాజీనామా చేసే ముందే పేస్లిప్‌లన్నీ డౌన్‌లోడ్ చేసుకోమనండి. బ్యాంకుల నుంచి వడ్డీ సర్టిఫికెట్లు కూడా.

ఆమెకు మ్యూచువల్ ఫండ్లలో ఎస్ఐపీలు ఉంటే కాస్త జాగ్రత్త. ఇండియా ఫండ్లను ఐఆర్ఎస్ పీఫిక్ (ప్రత్యేక లెక్కలుండే విదేశీ పెట్టుబడి సంస్థలు) అనే గాటన కడుతుంది, ఆ లెక్కలు మామూలు మనుషులకు అంత తేలిగ్గా కొరుకుడు పడవు. నాకు చిట్టీ తప్ప ఏమీ లేవు కాబట్టి బతికిపోయాం.

నేను 2023 సెప్టెంబర్ 10న వచ్చాను. ఆ ఏడాదిలో ఇక్కడున్నది 113 రోజులే, కాబట్టి అప్పటికీ నాన్‌రెసిడెంట్‌నే. హెచ్4 మీద పని పర్మిట్ లేకపోతే ఎస్ఎస్ఎన్ ఇవ్వరు, ఐటిన్ అనే ట్యాక్స్ నంబరు తీసుకోవాలి. దానికి డబ్ల్యూ-7 ఫారం. ఇది విడిగా పంపేది కాదు, రిటర్న్‌తో కలిపి కాగితాల కట్టగా ఆస్టిన్‌కి పోస్టులో పంపాలి. ఈ-ఫైల్ కుదరదు. పాస్‌పోర్టు అసలుదైనా పంపాలి, జారీచేసినవాళ్లు ధ్రువీకరించిన కాపీ అయినా పంపాలి. అసలు పాస్‌పోర్టును, అందులో వీసా స్టాంపుతో సహా, కవర్లో పెట్టి పోస్టు డబ్బాలో వేయడానికి నాకు చేతులు రాలేదు. దీనికి సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్లని ఉంటారు, వాళ్లు పాస్‌పోర్టు అక్కడికక్కడే చూసి మనకే తిరిగిచ్చేస్తారు. మేం వెళ్లిన ఆయన పాస్‌పోర్టును టేబుల్ ల్యాంప్ కింద పెట్టి, అటూ ఇటూ వంచి చూసి, డబ్ల్యూ-7 మీద పేరును ఒక్కో అక్షరం వేలు పెట్టి పోల్చుకున్నారు. 2022కి ఏం ఫైల్ చేశారని అడిగిందీ ఆయనే. మా ఆయన "సింగిల్" అనగానే కళ్లజోడు తీసి మావైపు ఒక చూపు చూశారు.

అలా 2022కి 1040-ఎక్స్ అనే సవరణ ఫారం, 2023కి మామూలు జాయింట్ రిటర్న్, రెండూ డబ్ల్యూ-7తో కలిపి 2024 మార్చిలో పంపాం. అక్కడ మేం ఇంకో తప్పు చేశాం. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. డబ్ల్యూ-7లో అదే రాశాం. రిటర్న్‌లు మాత్రం మేమే సాఫ్ట్‌వేర్‌లో నింపుకున్నాం, అందులో మా ఆయన అలవాటుగా నా పేరు చివర వాళ్ల ఇంటిపేరు తగిలించారు. వేసవిలో సీపీ566 అని ఉత్తరం వచ్చింది, వివరాలు సరిపోలడం లేదు, ఇంకా సమాచారం పంపమని. సరిచేసి పంపాక నంబరొచ్చింది. ఆ తర్వాత 2023 రీఫండ్, అన్నిటికంటే ఆఖర్న, మరుసటి ఏడాదిలో 2022 చెక్కు. ఇంటిపేరు ముందా వెనకా అనే గొడవ మనకు కొత్త కాదు గానీ, దానివల్ల మూడు నెలలు పోతాయనుకోలేదు.

ఇక మీ సంగతి. ముందు ఒకటి చూసుకోండి: మీరు స్టూడెంట్ వీసా ఎఫ్1 నుంచి హెచ్1బీకి ఎప్పుడు మారారు? 2025 అక్టోబర్ 1నే మారి ఉంటే ఆ ఏడాదిలో లెక్కకొచ్చేవి మహా అయితే 92 రోజులు, పెళ్లికి వెళ్లినవి పోతే ఇంకా తక్కువ. స్టూడెంట్‌గా ఉన్న మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్ల రోజులు లెక్కలోకి రావు. అలాంటప్పుడు మీరే నాన్‌రెసిడెంట్, నాన్‌రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ ఫారం మీద సెపరేటే వేయాలి. జాయింట్ ఎంపికకు ఏడాది చివరికి ఇద్దరిలో ఒకరైనా రెసిడెంట్ అయి ఉండాలి. ఆ పరిస్థితిలో ఉంటే ఫైలింగ్ గడువుకు ఎక్స్‌టెన్షన్ తీసుకుని, వీసాల లెక్కలు తెలిసిన సీపీఏ దగ్గరికి వెళ్లండి, వందో రెండొందలో పోనీయండి. హెచ్1కి మారి రెండు మూడేళ్లయి ఉంటే ఈ బెంగ లేదు.

అప్పుడు మీకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఫారం 4868తో అక్టోబర్ 15 దాకా ఎక్స్‌టెన్షన్ తీసుకుని, ఆవిడ వచ్చాక ఐటిన్‌తో కలిపి జాయింట్ వేయడం. ఎక్స్‌టెన్షన్ ఫైలింగ్‌కే, కట్టాల్సిన డబ్బుంటే ఏప్రిల్ 15కే కట్టాలి. రెండోది, ఇప్పుడు సెపరేట్‌గా వేసేయడం. ఆమె నంబరు అడిగిన చోట ఎన్ఆర్ఏ అని రాస్తారు. ఆమె వచ్చాక 1040-ఎక్స్‌తో జాయింట్‌కి మారొచ్చు, దానికి మామూలుగా మూడేళ్ల గడువుంది. తిరకాసు ఏమిటంటే దీనికి ఎదురు దారి లేదు. జాయింట్ వేసి ఏప్రిల్ 15 గడువు దాటిపోయాక, మాకు సెపరేటే కావాలంటే కుదరదు. వీసా తేదీ మీద నమ్మకం లేకపోతే రెండో పద్ధతే మంచిదని నాకనిపిస్తుంది. అయితే సెపరేట్‌లో కొన్ని పోతాయి. ఎమ్మెస్ లోను వడ్డీ మీద వచ్చే 2,500 దాకా తగ్గింపు అందులో ఉండదు.

జాయింట్ అంటే ఇద్దరి సంతకం, రిటర్న్‌లో తప్పుంటే ఇద్దరి బాధ్యత. ఆ వైపు ఆదాయం ఎంతో, ఏయే ఖాతాలున్నాయో మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోండి. మీ ఆవిడ జీతం పాతిక, ముప్ఫై లక్షలుంటే లాభం తగ్గొచ్చు, అప్పుడు రెండు విధాలా లెక్క వేయించి చూడండి. పెళ్లి సమయంలో మామగారు మీ పేరు కూడా కలిపి ఎఫ్‌డీ వేయించారా? మీ పేరున్న ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే మీరు ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే రిపోర్టు, వేయాలి. జాయింట్ ఖాతాలో సగం కాదు, మొత్తం లెక్కే.

జాయింట్ వేయాలనుకుంటే రేపు ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో ఎంత ట్యాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పే ఫారం) కూడా మార్చుకోండి, ఈ ఏడాది నుంచే చేతికొచ్చే జీతం పెరుగుతుంది. ఇవాళైతే మీ ఆవిడ పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి పంపమనండి. అందులో ఇంటిపేరు ఏ గడిలో ఎలా ఉందో, అన్ని ఫారాల మీదా అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.