మిద్దె మీద రేకుల గదా? ముందు రంగు చూడండి

‘మిద్దె మీద రేకుల గది వేయాలనుకుంటున్నాం, వేడి దిగకుండా, కరెంటు బిల్లు తగ్గేలా ఏ రేకు మంచిది?’ అని అడిగారు. తెల్ల రేకు తీసుకోండి. కంపెనీ, మందం తర్వాత సంగతి.

మాది కావలి. మూడేళ్ళ కిందట అమ్మ కుట్టు మిషన్ పెట్టుకోవడానికి మిద్దె మీద గది వేశాం. షాపులో రంగుల పుస్తకం ముందర పెడితే ముదురు నీలం నచ్చింది. మా వీధిలో అందరివీ అవే. అర మిల్లీమీటరు రేకైతే వేడి దిగదని షాపతను గట్టిగా చెప్పాడు. అదే నన్ను ముంచింది. రేకు ఎంత మందమైనా వేడిని ఆపదు. ఆ మందం గాలివానకు తట్టుకోవడానికీ, మనిషి పైకెక్కినప్పుడు వంగకుండా ఉండటానికీ పనికొస్తుంది, అంతే.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి చప్పున తీసేసింది. ఫ్యాన్ వేస్తే పైనున్న వేడంతా మొహానికి కొట్టేది. ఒక టన్ను ఏసీ పెట్టాం. పన్నెండు నుంచి పొద్దుగూకే దాకా అది ఆగకుండా తిరిగేది, బిల్లు చూస్తే టెన్షన్.

చివరికి రేకుల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాను. పెయింటర్ సగం వేసి, మర్నాడు రాలేదు. ఆ రోజు రెండింటికి స్టూలెక్కి రేకుకు లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూశాను. నీలం వైపు మూడు లెక్కపెట్టే లోపే తీసేయాల్సి వచ్చింది. తెల్ల రంగు వేసిన వైపు వేడిగానే ఉంది గానీ చెయ్యి ఉంచగలిగాను. అదే రేకు, అదే ఎండ. అమ్మ నన్ను అడక్కుండానే మిషన్ తెల్ల సగం కిందికి జరుపుకుంది. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తళతళలాడే రంగు లేని రేకు కూడా ఎండను వెనక్కి కొడుతుంది కదా అంటారు. కొడుతుంది, కానీ పట్టిన వేడిని త్వరగా వదలదు. తెలుపు ఎండనూ వెనక్కి కొడుతుంది, పట్టిన వేడినీ వదిలేస్తుంది. తర్వాత రేకుకు జానెడు కింద సీలింగ్ కొట్టించి, రెండు చివర్లా గాలి పోయేలా జాలీలు పెట్టించాం. వెండి రంగు ఫాయిల్ షీట్ రేకుకు అంటించేస్తే దండగ, మధ్యలో గాలికి ఖాళీ ఉండాలి. డబ్బుంటే పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపినది) అన్నిటికంటే మేలు.

తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇంత ఎండలు కాసే మా వీధిలో ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు, ఇప్పటికీ ముదురు ఎరుపు రేకులే దిగుతున్నాయి. చూస్తుంటే బాధగా ఉంటుంది.

వెల్డర్ల దగ్గర కూడా జాగ్రత్త. మాకు స్క్రూలు రేకు పల్లంలో కొట్టేసి పోయారు, మొదటి వానకే కారింది. గట్టు మీదే, రబ్బరు వాషర్‌తో కొట్టించండి. కోసిన అంచులకు ఆ రోజే పెయింట్ పూయించండి, మన ఉప్పుగాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది.

తెలుపు మీద దుమ్ము పేరుకుంటే మళ్ళీ వేడి పడుతుంది. మేము ఏటా శివరాత్రి దాటగానే పైపు పెట్టి రేకులు కడుగుతాం.