పదిహేడో సీన్ గురించి

అమ్మాయీ,

నీ క్రైమ్ సీరియల్ స్క్రిప్ట్ చేరింది. ఫోన్‌లో చదవడం నా కళ్లకు కుదరక వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. 62 పేజీలు. రెండుసార్లు చదివాను, మొదటిసారి కథ కోసం, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. కథ బాగా నడిపించావు. ఈ విద్య నాకు ఇంత తొందరగా పట్టుబడలేదు. మెచ్చుకోళ్లన్నీ మీ నాన్నకు చెప్పేశాను, ఆయన దగ్గర వసూలు చేసుకో. నీకు మాత్రం తప్పులు చెబుతాను.

పదిహేడో సీన్ తియ్యి. కూతురు కాలేజీ నుంచి రాలేదని తండ్రి రాత్రి తొమ్మిదింటికి స్టేషన్‌కు వెళ్తాడు. ఎస్‌ఐ తలెత్తకుండానే, "24 గంటలు దాటాలయ్యా, రూల్ అది, రేపు రా" అంటాడు. డైలాగ్ పేలుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రూల్ ఏ చట్టంలోనూ లేదు. మనిషి కనిపించకపోతే ఆ నిమిషానే ఫిర్యాదు ఇవ్వచ్చు. మన స్టేషన్లలో 'ఉమన్ మిస్సింగ్', 'మ్యాన్ మిస్సింగ్' అని ఎఫ్ఐఆర్ కడతారు. తప్పిపోయింది చిన్నపిల్లలైతే కిడ్నాప్ అనుకునే కేసు కట్టి వెతకమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనంది.

24 గంటల లెక్క ఒకటి చట్టంలో ఉన్నమాట నిజమే. అది పోలీసుల మెడ మీద ఉంది. అరెస్టు చేసినవాణ్ని, ప్రయాణానికి పట్టే టైము తీసేసి, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణం. మనం ఆ లెక్కను ఎత్తుకొచ్చి బిడ్డ కనిపించని తండ్రి నెత్తిన పెట్టాం.

'మనం' అని ఊరికే అనలేదు. 2009లోనో ఆ పక్క ఏడాదో నేనూ ఒక ఎపిసోడ్‌లో అచ్చం ఇదే డైలాగ్ రాశాను. ఎవరినీ అడగలేదు. అంతకు ముందు ఏదో సినిమాలో విన్నాను, నా చేతిలోంచి అలా జారిపోయింది. తర్వాత మూడు నాలుగేళ్లకు మా వీధిలో ఇస్త్రీ బండి అతను రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు వచ్చాడు. వాళ్ల చెల్లెలి కొడుకు, తొమ్మిదో తరగతి పిల్లాడు, మార్కులు తక్కువొచ్చాయని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడట. దేవుడి దయవల్ల రాజమండ్రి స్టేషన్లో దొరికాడు. "స్టేషన్‌కి ఎప్పుడెళ్లారు?" అని అడిగాను. "మర్నాడు సాయంత్రం బాబుగారూ. 24 గంటలు దాటితేగానీ తీసుకోరంటగా, టీవీలో చూశాంగా" అన్నాడు, చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ. ఆ రాత్రంతా వాళ్ల చెల్లెలు గడప మీదే కూర్చుందట. అతను చూసింది నా ఎపిసోడేనా, ఇంకొకరిదా, నాకు తెలియదు. అడిగే ధైర్యం లేక నాలుగు చొక్కాల డబ్బులిచ్చి వచ్చేశాను.

మొన్న ఫోన్‌లో నువ్వు, "సీరియల్ కల్పితం కదా బాబాయ్, మొదట్లో డిస్‌క్లెయిమర్ వేస్తారు, నిజం చెప్పాల్సింది న్యూస్ వాళ్లు" అన్నావు. ఆ డిస్‌క్లెయిమర్ పడేటప్పటికి జనం ఇంకా వంటింట్లోంచి హాల్లోకి వస్తుంటారు. పాత్రలు కల్పితమంటే ఎవరైనా నమ్ముతారు. చట్టం, స్టేషన్, ఆస్పత్రి కూడా కల్పితమేనని ఎవరనుకుంటారు చెప్పు? మన జనంలో చాలామంది స్టేషన్ గడప తొక్కకుండానే జీవితం గడిపేస్తారు. వాళ్లకు స్టేషన్ అంటే మనం చూపించిందే.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. నీ కథ 2025లో జరుగుతోంది, హత్యకు 302 సెక్షన్ అని రాశావు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, హత్యకు 103. అంతకు ముందు జరిగిన వాటికి పాత 302నే. (ఆ లెక్కన మోసానికి ఇప్పుడు 318, కానీ జనం 'ఫోర్ ట్వంటీ' అని తిట్టడం మానతారా!) క్లోరోఫాం గుడ్డ ముక్కుకు పెట్టగానే మనిషి రెండు సెకన్లలో పడిపోడు, నిమిషాలు పడుతుంది, ఈలోగా గింజుకుంటాడు. చనిపోయింది రాత్రి 10.15కి అని ఏ డాక్టరూ చెప్పడు. శవం బిగుసుకున్న తీరు, ఎండాకాలమా చలికాలమా, అన్నీ చూసి ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అంటాడు.

విషం సీన్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పొద్దున పోస్టుమార్టం, సాయంత్రానికి 'పురుగుల మందు' అని రిపోర్టు తెప్పించేశావు. జరిగేది వేరు. డాక్టరు కడుపు, కొంత పేగు, లివర్ ముక్క, కిడ్నీ ముక్క తీసి సీసాల్లో పెడతాడు. దాన్ని విసెరా అంటారు. ఇక ఉప్పు కరగదు అనేంత చిక్కటి ఉప్పునీళ్లు పోస్తారు. మూతకు గుడ్డ చుట్టి లక్క సీలు వేస్తారు. పక్కన ఇంకో సీసాలో ఉత్త ఉప్పునీళ్లు కూడా పంపుతారు, విషం ఆ నీళ్లలోనే ఉందేమోనని రేపు కోర్టులో డిఫెన్సు లాయరు అనకుండా. సీసాలు ఎఫ్ఎస్ఎల్‌కు, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కు, వెళ్తాయి. రిపోర్టుకు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. అప్పటిదాకా పోస్టుమార్టం కాగితంలో చావుకు కారణం దగ్గర 'రిజర్వ్‌డ్', అంటే ఇంకా తేల్చలేదు, అని ఉంటుంది.

ఆ ఒక్క మాట చుట్టూ ఎంత కథ ఉందో చూడు. నీ కథలో ఆవిడ భర్త పోయాడు. కారణం తేలనిదే ఇన్సూరెన్సు వాళ్లు ఫైలు కదపరు. అత్తగారు ఆవిడ పెట్టిన అన్నం తినడం మానేసింది. ఊళ్లో అందరూ తీర్పు చెప్పేశారు. సీసా మాత్రం ల్యాబ్‌లో తన వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉంది. నువ్వు సాయంత్రానికల్లా రిపోర్టు తెప్పించి ఇదంతా చేజేతులా పారేసుకున్నావు.

ఇక క్లైమాక్స్. సీఐ నాలుగు తగిలిస్తే హంతకుడు బోరుమని అంతా ఒప్పుకుంటాడు, కేసు క్లోజ్. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నేరం రుజువు చేయడానికి పనికిరాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది ఇది, ఇప్పటి కొత్త చట్టంలోనూ 23వ సెక్షన్‌గా ఉంది. అతను చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ కత్తి దొరకడానికి దారి చూపిన ముక్క వరకే చెల్లుతుంది. అందుకే వీఆర్వోని పిలిపించి, మధ్యవర్తుల నివేదిక (పంచనామా) రాసి, సంతకాలు పెట్టిస్తారు. రెండేళ్ల తర్వాత బోనులో నిలబడ్డ ఆ వీఆర్వోకి కత్తి కాలువ గట్టున దొరికిందో, తుమ్మ చెట్టు కింద దొరికిందో గుర్తుండదు. నీకు కావాలంటే క్లైమాక్స్ అక్కడుంది.

న్యూస్ వాళ్లు నిజం చెబుతారన్నావు కదా, ఆ సంగతీ చెప్పాలి. నేను 11 ఏళ్లు ఒక పత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా చేశాను. జిల్లా ఎడిషన్ గడువు దాటిపోతోందని ఒక రాత్రి ఎస్‌ఐ ఫోన్‌లో చెప్పిన ముక్కను అలాగే దించేశాను. ఒకావిడ హత్య. 'వివాహేతర సంబంధమే కారణం' అని రాశాను. 'అని పోలీసులు అనుమానిస్తున్నారు' అన్న తోక డెస్క్‌లో చోటు చాలక ఎగిరిపోయింది. ఛార్జిషీట్‌లో కారణం పొలం గట్టు తగాదా. ఆవిడ కూతురు, ఇంటర్ చదివే పిల్ల, పేపర్ ముక్క మడతపెట్టి పట్టుకుని ఆఫీసుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. "మా అమ్మ గురించి మీకెవరు చెప్పారండీ?" అని అడిగింది. ఐదో పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. వార్త వచ్చింది మొదటి పేజీలో.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్‌లో జరిగిన హాస్టల్ హత్య సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆ అమ్మాయి పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు, అయినా నేనిక్కడ రాయను. అత్యాచార బాధితురాలు చనిపోయినా, ఇంటివాళ్లు సరేనన్నా పేరు బయటపెట్టకూడదని, తప్పనిసరైతే సెషన్స్ జడ్జి అనుమతి కావాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో 2008 ఆగస్టులో ఒక కుర్రాణ్ని అరెస్టు చేశారు. ఒప్పుకున్నాడన్నారు. ఆ అమ్మాయి తల్లి మొదటి నుంచీ ఇతను కాదంటూనే ఉంది. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. నిందితుడు అన్న మాట పక్కకు జరిగి హంతకుడు అన్న మాట వచ్చి కూర్చోవడానికి టీవీ స్క్రోలింగ్‌లో అర సెకను చాలు.

శ్రీదేవి పోయిన వారం కూడా గుర్తుచేసుకో. 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో పోయింది. ముందు గుండె ఆగిందన్నారు, రెండు రోజులకు ప్రమాదవశాత్తు టబ్బులో మునిగి అని అక్కడి ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చింది. మధ్యలో మన చానెళ్లకు ఏమీ తెలియదు, ఖాళీ మాత్రం నింపాలి. తెలుగు విలేకరి ఒకాయన స్వయంగా బాత్‌టబ్‌లోకి దిగి చూపించాడు! అది న్యూసు. నీది సీరియల్. తేడా ఎక్కడుందో నువ్వే చెప్పు నాకు.

ఎక్కడ నేర్చుకోవాలి అన్నావు. జిల్లా కోర్టు తలుపులు తెరిచే ఉంటాయి. పదిన్నరకు వెళ్లి సెషన్స్ కోర్టులో వెనక బెంచీ మీద నాలుగు రోజులు కూర్చో, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని. సాక్షి 'నాకు తెలియదు' అని మాట మార్చేటప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూడు. హైకోర్టు తీర్పులు నెట్‌లో దొరుకుతాయి, కొట్టేసిన కేసులవి ముందు చదువు. స్టేషన్‌కు వెళ్తే సీఐ దగ్గరికి కాకుండా కేసు కాగితాలు రాసే పోలీసు, స్టేషన్ రైటర్ అంటారు, ఆయన దగ్గరికి వెళ్లు. అసలు కథలు రాసేది ఆయనే. పండగకు వచ్చినప్పుడు రిటైరైన కోర్టు కానిస్టేబుల్ ఒకాయనకు పరిచయం చేస్తాను. బెల్లం కాఫీ ఇస్తే సాయంత్రం దాకా మాట్లాడతాడు.

పదిహేడో సీన్‌లో ఎస్‌ఐ చేత ఆ మాటే అనిపించాలనుంటే అనిపించు, అలా అనేవాళ్లు లేకపోలేదు. అప్పుడు పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న రైటర్ పెన్ను ఆగాలి, లేదా బయట హోంగార్డు ఆ తండ్రిని ఆపి 112కి చేయమని చెప్పాలి. చూసేవాళ్లకు ఎస్‌ఐ చెప్పింది అబద్ధమని తెలిస్తే చాలు.

ఆ తండ్రి స్టేషన్ మెట్లెక్కే ముందు, గుడికొచ్చినట్టు, చెప్పులు పక్కకు విప్పాడని రాశావు చూడు. అది మాత్రం ఎవరేమన్నా ముట్టుకోకు.

ఆశీస్సులతో,
బాబాయ్